మా జాతర కావాలి, మా పిల్ల వద్దా?

చిత్తూరు యాస కావాలి. శేషాచలం అడవి కావాలి. ఎర్రచందనం దుంగలు కావాలి. తిరుపతి గంగమ్మ జాతరా కావాలి. చిత్తూరు ఆడపిల్ల రంగు మాత్రం అక్కర్లేదు!

2021లో మొదలైన ‘పుష్ప’ సినిమాల కత ఇది. అందులో నాయిక శ్రీవల్లి మన ఊరి పిల్ల. వేషం కట్టింది కొడగు నుంచి వచ్చిన రష్మిక. తెల్లటి మొహానికి మేకప్‌తో చామనఛాయ పూశారు. పుట్టుకతోనే చామనఛాయ ఉన్న అమ్మాయిలు ఈ జిల్లాలో కరువయ్యారా సామీ? పైగా ఆ పిల్ల నవ్వుకు వెయ్యి, ముద్దుకు అయిదు వేలు రేటు కట్టి, దాన్ని ప్రేమ అన్నారు. మనం విజిల్ వేశాం. వేశామా, లేదా?

గంగమ్మ జాతరలో మగాళ్లు చీర కడతారు. గాజులు తొడుక్కుంటారు, పూలు పెట్టుకుంటారు. అది అమ్మవారికి మొక్కు. టీవీ స్టేజీ మీదా మగాళ్లు చీర కడతారు. ఎందుకు? లావుదనీ నల్లదనీ ఆడదాని ఒంటిని ఎక్కిరించడానికి. 2013లో మొదలైన ‘జబర్దస్త్’ ఇలాంటి జోకులతోనే ఊరూరా ఏలింది. జడ్జి కుర్చీలో రోజా. 2014 నుంచి 2024 దాకా నగరి ఎమ్మెల్యే కూడా ఆమే. నియోజకవర్గంలో ఆడబిడ్డల గౌరవం, స్టూడియోలో పకపకా నవ్వు! 2022లో మంత్రి అయ్యాకే ఆ కుర్చీ దిగారు. ప్రత్యర్థులు ఆమె మీద నోరు పారేసుకున్నప్పుడు ఘోరమన్నాం. ఘోరమే. మరి స్కిట్టులో ఎగతాళి అయిన లావు పిల్ల సంగతి ఎవరు మాట్లాడాలి?

జుట్టు సంగతీ చూడండి. తిరుమల కొండ మీద కల్యాణకట్టలో ఆడవాళ్లూ తలనీలాలిస్తారు. వాటిని వేలం వేస్తే టీటీడీకి ఏటా వంద కోట్లకు పైమాటే. ఆ జుట్టు విగ్గులై, సవరాలై దేశాలు దాటుతుంది. మొక్కు తీర్చుకుని కొండ దిగితే షాంపూ హోర్డింగు. నడుము దాటిన జుట్టు విదిలిస్తూ, అందమంతా ఇక్కడే ఉందంటుంది. ఇప్పుడే కదమ్మా దేవుడికి ఇచ్చేసి వస్తా ఉండాం!

సరే, ఒళ్లు ఎంత ఉండాలి? 2025 జనవరిలో ‘మజాకా’ టీజర్ వేడుకలో దర్శకుడు త్రినాథరావు నక్కిన ఆ లెక్కా తేల్చేశాడు. ‘మన్మథుడు’ నాయిక అన్షు సన్నబడిందట. తెలుగుకు అది చాలదట. తిని ఒళ్లు చేయమన్నాడట. తెలంగాణ మహిళా కమిషన్ కన్నెర్ర చేస్తే క్షమాపణ చెప్పాడు. మరి ఆర్తీ అగర్వాల్? ‘నువ్వు నాకు నచ్చావ్’ అమ్మాయి. కొవ్వు తీయించుకునే ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే, 2015 జూన్‌లో పోయింది. 31 ఏళ్లు. లావెక్కిందని అంతకు ముందు వార్తలు వండిందెవరు? పోయాక కన్నీళ్లు కార్చిందెవరు? సన్నబడితే చాలదు, లావైతే పనికిరాదు. అరవై దాటిన హీరో పొట్టకు ఇంతవరకూ టేపు పెట్టిన మొనగాడు ఒక్కడున్నాడా?

ఇక క్రీము. 1975 నుంచి ‘ఫెయిర్ అండ్ లవ్లీ’. 45 ఏళ్లు తెలుపు అమ్మి, 2020లో ‘ఫెయిర్’ తీసి ‘గ్లో’ పెట్టారు. పాపం కడిగేసుకున్నట్టే! తెల్లబరుస్తామనే ప్రకటనలకు అయిదేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అంటూ కేంద్రం ముసాయిదా రాసిందీ అదే ఏడాది. ఎవరైనా లోపలికి పోయారా? గమ్మునుండండి, ప్రకటన వస్తా ఉంది.

తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది సినిమా మనిషే. 1983లో, ఎన్టీఆర్. నలభై ఏళ్లు దాటింది. అక్కడ పీజీ చేసిన పిల్లకు కూడా పెళ్లి ప్రకటనలో డిగ్రీ కన్నా ముందు ‘ఫెయిర్, స్లిమ్’ అని పడాల్సిందే. ఆ ముక్క రాసిచ్చేది సినిమావాళ్లు కాదు, టీవీవాళ్లు కాదు. కన్న తండ్రి. నాయనా, ముందు ఆ రెండు మాటలు నువ్వు కొట్టెయ్. పత్రికవాళ్లు ఎలాగూ కొట్టేయరు, వాళ్లకు మాటకింత లెక్క.