మేనల్లుడి ఇటలీ సూత్రానికి దుత్తలూరు టీక

అవతారిక

జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న మేనల్లుడు ఒకసారి ఫోన్లో మాటవరసకి "ఎప్పుడూ నేనే వస్తుంటాను, ఈసారి మీరు రండి, ఇటలీ చూపిస్తా" అన్నాడు. మా దుత్తలూరులో మాటవరసలు చెల్లవు. పెద్దమ్మ వెంటనే "ఎప్పుడు?" అంది. అతగాడు నాలుగు రోజులు మాటామంతీ లేకుండా ఉండి, అయిదోనాటి రాత్రి పదకొండున్నరకు వాట్సాప్ గ్రూపులో కింది సూత్రాన్ని వదిలాడు. సూత్రం చెప్పేవాడికి క్లుప్తత ముద్దు, దాన్ని విప్పే కష్టం ఇంకొకరిది. కాళిదాసుకి మెదక్ సీమ నుంచి మల్లినాథసూరి దొరికాడు. మేనల్లుడికి నేను దొరికాను.

మూలం

"అందరికీ నమస్తే. ఇటలీ ఫిక్స్. రోమ్ 2 రాత్రులు, ఫ్లారెన్స్ 1, వెనిస్ 1. అన్నీ రైళ్ళే. తలా ఒక పెట్టె. శనివారం లోపల కన్ఫర్మ్ చెయ్యండి."

ప్రతిపదార్థం

అందరికీ = గ్రూపులో ఉన్న పదకొండుమందికి, అందులో చదివి పలకని నలుగురికి కూడా; నమస్తే = వరసలు తేల్చుకోలేక పెట్టిన ఉమ్మడి దండం; ఫిక్స్ = ఇంకా ఎవరినీ అడగలేదు; తలా ఒక పెట్టె = పెద్దమ్మా, నిన్నే; శనివారం లోపల = ఏ శనివారమో చెప్పలేదు గనుక ఏదైనా చెల్లుతుంది; కన్ఫర్మ్ చెయ్యండి = డబ్బు వెయ్యండి, అని వ్యంగ్యం.

టీక

"ఇటలీ ఫిక్స్" అన్నచోట క్రియ లేదు. అధ్యాహారం చేసుకోవాలి. 'అయింది' అని కొందరు, 'అవుతుందేమో' అని బావ. బావ పాఠమే మేలు. ఎందుకంటే వీసా అనే దేవత ఇంకా పలకలేదు. పెద్దలకు తలకి 90 యూరోలు దక్షిణ, 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా, బ్యాంకు కాగితాలు, వేలిముద్రలు. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి మాత్రమే దరఖాస్తు తీసుకుంటారు. ఇక్కడ మూలకర్త దాచిన గూఢార్థం ఒకటుంది. ఇటలీలో నాలుగు రాత్రులు అని చెప్పాడు గాని, ముందూ వెనకా తన ఇంట్లో అయిదు రాత్రులు ఉంటామన్న సంగతి చెప్పలేదు. షెంగెన్ శాస్త్రం ప్రకారం ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. కాబట్టి ఇటలీ చూడటానికి జర్మనీ తలుపు తట్టాలి. ఈ ముక్క తెలిసేసరికి చిన్నాయన ఇటలీ ఫారాలు మూడు నింపేశాడు.

నెల సంగతి మూలంలో లేదు. లోపమే. జ్యేష్ఠమాసమైతే మావాళ్ళు కదలరు. మా నర్రవాడలో వెంగమాంబ బ్రహ్మోత్సవాలప్పుడు ఊళ్ళో చుట్టాలకే చోటు చాలదు, రోమ్‌కి ఎవరు పోతారు?

"రోమ్ 2 రాత్రులు." రాత్రులు లెక్కపెట్టినవాడు పగళ్ళు లెక్కపెట్టలేదు. మొదటి రోజు దిగేసరికి సాయంత్రం, మూడోరోజు పొద్దున బయల్దేరాలి, మిగిలింది ఒక్క పగలు. ఆ ఒక్క పగలు మావాడి క్యాలెండరులో ఆదివారం పడింది. నెలలో చివరి ఆదివారం తప్ప ఆదివారాల్లో వాటికన్ మ్యూజియాలు మూసేస్తారు. మర్నాడు సోమవారం ఫ్లారెన్స్. అక్కడ ఉఫీజీ చిత్రశాలకు సోమవారం సెలవు. రెండు ఊళ్ళలోనూ తాళం దర్శనం చేయించే పథకం ఇంత నికరంగా వెయ్యడం మామూలు బుర్రకి సాధ్యం కాదు. సెయింట్ పీటర్స్ గుడి మాత్రం తెరిచే ఉంటుంది. అక్కడ భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని రావాలని నియమం. ఆడవాళ్ళ చీరలకు వచ్చిన ఇబ్బందేమీ లేదు. ఆక్షేపణ అంతా చిన్నాయన కొత్తగా కొన్న నిక్కరు మీదే.

పాఠాంతరం

రోమ్, ఫ్లారెన్స్, వెనిస్ అన్నవి ఇంగ్లీషువాడి పాఠాలు. స్టేషన్ బోర్డుల మీద రోమా, ఫిరెంజే, వెనేత్సియా అని ఉంటాయి. నాపోలీ, మిలానో, తొరీనో... ఏది చూసినా అజంతమే. ప్రతి మాటా అచ్చుతో ముగిసే ఈ గుణం చూసే తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అన్నారు. 15వ శతాబ్దంలో విజయనగరం చూసిపోయిన నికోలో కాంటి అన్నాడని మనం చెప్పుకుంటాం. ఆయన నోట ఆ మాట వచ్చిందో లేదో గాని, ఆ చుట్టరికం టిక్కెట్ల యంత్రం దగ్గర అక్కరకొస్తుంది. 'ఫ్లారెన్స్' కోసం బోర్డంతా వెతికి, బండి తప్పిపోయాక ఫిరెంజే అంటే అదేనని తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు.

వెనేత్సియాలో ఇంకో చిక్కు. స్టేషన్లు రెండు. ముందు వచ్చేది మెస్త్రే, అది నేల మీది ఊరు. సముద్రం మీద 1846లో తెరిచిన రైలు వంతెన దాటాక వచ్చేది సాంతా లూచియా, అసలు వెనిస్ అదీ. 'మెస్త్రే' అని వినగానే మేస్త్రీ ఎవరో పిలుస్తున్నాడనుకుని మా బావ దిగిపోగలడు. ఇరవై ఏళ్ళు సిమెంటు కొట్టు నడిపినవాడు.

"అన్నీ రైళ్ళే." సూత్రానికి ప్రాణం ఇక్కడుంది, కాబట్టి కాస్త నిలబడతాను. రాసినవాడు రైళ్ళ దేశంలో ఉన్నాడు, చదివేవాళ్ళకు రైలెక్కాలంటే కావలి పోవాలి. మన మెట్ట మీదుగా నడికుడి నుంచి శ్రీకాళహస్తికి 309 కిలోమీటర్ల లైను 2011-12లో మంజూరైంది. అప్పుడు మేనల్లుడు బడిపిల్లవాడు. వాడికి చదువై, ఉద్యోగమొచ్చి, రోమ్‌లో రైళ్ళు చూపిస్తానంటున్నాడు. దుత్తలూరులో కూత కోసం చెవులు ఇంకా నిక్కబొడుచుకునే ఉన్నాయి.

మనకు రైలంటే బెర్తు, వెయిటింగ్ లిస్టు, ఆర్.ఏ.సి. అనే త్రిశంకు స్వర్గం, పులిహోర పొట్లం, ఎదుటి సీటు వాళ్ళ ఊరూ పేరూ. ఇటలీలోని ఎర్రబాణం రైళ్ళలో ఇవేవీ ఉండవు. ఫ్రెచ్చారోస్సా అంటే ఎర్రబాణమని అర్థం, గంటకు 300 కిలోమీటర్లు. రోమా నుంచి ఫిరెంజే గంటన్నర. పెద్దమ్మ పొట్లం దారం విప్పి, ఆకులు పరిచి, పిల్లల్ని కేకేసేలోపల దిగాల్సిన ఊరొస్తుంది. 2012 నుంచి అవే పట్టాల మీద ఇటాలో అనే ప్రైవేటు బండి పోటీకి నడుస్తోంది. వీటిలో సీటు ఉంటేనే టిక్కెట్టు. ముందుగా కొంటే చవక, ఆలస్యమైన కొద్దీ ధర ఎక్కుతుంది. పదకొండుమంది "చూద్దాంలే" అన్న ప్రతి వారం పెరిగిన ఖరీదు పదకొండు టిక్కెట్ల మీదా పడుతుందని తెలుసుకోవాలి. మరీ చవక టిక్కెట్లకు డబ్బు వాపసు లేదు. అల్లుడు అలిగి రానన్నా సీటు వెళ్ళిపోతుంది.

ప్రాంతీయ బళ్ళకు వేరే ధర్మం. సీటు నంబరు ఉండదు. కాగితం టిక్కెట్టయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది చిన్న యంత్రంలో ముద్ర కొట్టించాలి. డబ్బు పెట్టి కొని, ముద్ర మరిచినవాడు కూడా దొంగే, జరిమానా తప్పదు. ఏ ప్లాట్‌ఫారమో బోర్డు మీద బండి కదలడానికి కొద్ది నిమిషాల ముందు గాని పడదు. పదకొండుమంది మెడలెత్తి ఒకే బోర్డుకేసి చూస్తూ, అంకె పడగానే పెట్టెలతో పరుగెత్తే ఆ దృశ్యంలో వీరం, భయానకం, హాస్యం మూడూ ఉన్నాయి. ఏది అంగి, ఏది అంగమో పండితులు తేల్చాలి.

షోపెరో అనే పదం మూలంలో లేకపోయినా వ్యాఖ్యాత చెప్పక తప్పదు. సమ్మె అని అర్థం. అక్కడ సమ్మె మర్యాదస్థుల సమ్మె, తేదీ ముందే చెబుతారు. పనిదినాల్లో అయితే ఆ రోజు కూడా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 ప్రాంతీయ బళ్ళు కొన్ని నడిపి తీరాలి. ఆ రెండూ అమృతఘడియలు, మిగతా పగలంతా వర్జ్యం. పెద్దమ్మకి ఇటలీ మొత్తంలో వెంటనే అర్థమైన విషయం ఇదొక్కటే.

"తలా ఒక పెట్టె." ఆవకాయ జాడీ, కుక్కరు, ఇంటికి పిలిచినవాళ్ళకి పెట్టడానికి ఉదయగిరి చెక్క గరిటెలు రెండు డజన్లు: ఇవి పెట్టెలో లెక్కకు రావని పెద్దమ్మ వాదం. వెనిస్‌లో నాలుగువందల పైచిలుకు వంతెనలు, ఎక్కే మెట్లూ దిగే మెట్లూ. ఆటో ఉండదు. చక్రాల పెట్టె అక్కడ ఎత్తుకునే పెట్టె అవుతుంది. ఇంతకన్నా విస్తరిస్తే ఇంట్లో గొడవ.

ఆక్షేపం, సమాధానం

చిన్నాయన ఆక్షేపం యథాతథంగా: "తిరపతికి బొయ్యి కొండెక్కి దిగేదానికే రెండు దినాలు పడతాది. నాలుగు రాత్రిళ్ళకు మూడు ఊళ్ళేందిరా, కండక్టరు ఉద్యోగమా?" ఈ మాటకు పూర్వుల బలం ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య పరివారంతో 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి పదిహేను నెలలు తిరిగాడు. వెనిస్ మార్కో పోలో తండ్రితోనూ తండ్రి తోబుట్టువుతోనూ కలిసి 1271లో పోయినవాడు, 24 ఏళ్ళకు ఇల్లు చేరాడు. మన మోటుపల్లి సంగతీ రాసిపెట్టాడు. అదీ కుటుంబ యాత్రే మరి.

అన్నేళ్ళ సెలవు ఎవరూ ఇవ్వరు గనుక నా సవరణ చెబుతాను. "ఫ్లారెన్స్ 1" అన్నది ప్రక్షిప్తం. ఎవరో స్నేహితుడు చెబితే ఇరికించిన ముక్క. రోమా నుంచి వెనేత్సియా పోయే బండి ఫిరెంజే మీదుగానే పోతుంది. పొద్దున అక్కడ దిగి, పెట్టెలు స్టేషన్ సామాన్ల గదిలో పడేసి, నడిచి చూసొచ్చి, సాయంత్రం బండికి పోవచ్చు. మిగిలిన రాత్రి వెనిస్‌కి చేర్చాలి. పగలొచ్చి పగలే పోయే జనం దగ్గర 2024 నుంచి కొన్ని రోజుల్లో ఆ ఊరు ప్రవేశ రుసుము తీసుకుంటోంది. రాత్రి బస చేసినవాళ్ళకు అది ఉండదు. ఆ జనం వెళ్ళిపోయాక ఊరు చూడొచ్చన్నది అసలు లాభం.

"శనివారం లోపల కన్ఫర్మ్ చెయ్యండి." శనివారాలు మూడు పోయాయి. బొటనవేళ్ళు ఏడు, దణ్ణాలు రెండు, ఎవరిదో పుట్టినరోజు కేకు ఒకటి వచ్చాయి. నిన్న రాత్రి పెద్దమ్మ వాయిస్ మెసేజి వచ్చింది:

"కన్ఫర్మే నాయనా. నాకు మాత్రం కింద బెర్తు చూడు, మోకాళ్ళు పైకెక్కనీవు. అయినా రైలు యాడెక్కాల్రా, కావల్లోనా నెల్లూర్లోనా? కావలైతే వింజమూరు మీద పోయే బస్సుకొచ్చేస్తాం."

మేనల్లుడు 'టైపింగ్' అని కాసేపు కనిపించాడు. తర్వాత కనిపించలేదు.