మందు తోటకు తలకిందుల సలహాలు

మందు మొక్కలు వేసుకుందామని మా పెరటికి వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: దగ్గుకు ఏది వేయాలి, షుగరుకు ఏది వేయాలి? జబ్బుల జాబితా ఇంటి దగ్గర వదిలేసి రమ్మంటాను. కషాయం కాచుకోవడానికే అయితే తోట వేయకండి. మొక్కను మొక్కగా గుర్తుపట్టడం నేర్చుకోవడానికి వేయండి.

వినడానికి ఇది వంకర సలహాలా ఉంటుంది. కానీ మూలికల తోటలు పుట్టిందే అందుకు. ఇటలీలోని పాదువాలో వెనిస్ సెనేట్ ఉత్తర్వుతో 1545లో వేసిన తోటనే చూడండి. అక్కడి విద్యాలయంలో మూలికల పాఠం చెప్పే ఫ్రాంచెస్కో బొనఫెదె పట్టుబట్టి వేయించాడు. అప్పటి వైద్యులకు పాత గ్రంథాల్లోని పేర్లు నోటికి వచ్చు, మొక్క ఎదురుపడితే మాత్రం తెలియదు. మందుల కొట్లలో ఒకదాని పేరు చెప్పి ఇంకొకటి అమ్మేవారు. విద్యార్థులు వేరునూ ఆకునూ పువ్వునూ బతికుండగా చూసి నేర్చుకోవాలని ఆ తోట వేశారు. 1585లో నాటిన తాటి జాతి మొక్క ఒకటి ఇవాళ్టికీ అందులో ఉంది.

మన చిక్కు కూడా అదే. సరస్వతి ఆకు తెమ్మని నలుగురిని పంపి చూడండి. ఇద్దరు నేలమీద పాకుతూ కణుపు కణుపునా వేరు దిగే గుండ్రటి ఆకు తెస్తారు. మిగతా ఇద్దరు నీటి ఒడ్డున పెరిగే, మందంగా ఉండే చిట్టి ఆకు తెస్తారు. మొదటిది మండూకపర్ణి, రెండోది నీటి బ్రాహ్మి. రెండూ వేరు కుటుంబాలవి. అందుకే, ఒక మొక్క కావాలంటే ఒక్కటే కొనకండి. దాని పేరుతో చెలామణీ అయ్యే రెండోదాన్ని కూడా తెచ్చి పక్క కుండీలో పెట్టండి. ఏడాది పొడుగునా రెండింటినీ చూస్తే కన్ను తయారవుతుంది.

ఇది తిప్పతీగ దగ్గర మరీ అవసరం. కొవిడ్ రోజుల్లో దాన్ని వాడని ఇల్లు లేదు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ళ గురించి రాశారు. దాన్ని పోలిన ఇంకో తీగతో పొరబడి ఉండొచ్చని ఆయుష్ శాఖ జవాబిచ్చింది. ఆ రెండో తీగ కాండం నిండా మొటిమల్లాంటి బుడిపెలు ఉంటాయి. నేను ఒక నర్సరీలో తిప్పతీగ అని కొన్నది మూడు నెలలకు బుడిపెలు తేలింది. పీకి పారేయలేదు. అసలు తీగ పక్కనే పందిరి వేసి పాకించాను. మా ఊరి పిల్లలు ఇప్పుడు కళ్ళు మూసుకుని కాండం తడిమి ఏది ఏదో చెబుతారు.

ఇక రెండో వంకర సలహా. విషపు మొక్కలు కూడా వేయండి. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద. అవి వీధిలో, గుడి దగ్గర, చేను గట్టున ఎలాగూ ఉన్నాయి. పేరు రాసిన పలక లేకుండా అక్కడ ఎదురుపడేదాన్ని, పలక పెట్టి పెరట్లో చూపించడం మేలు. వాటిని వేరే మడిలో పెట్టి, చుట్టూ కంచె కట్టి, తలుపుకు తాళం వేయండి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో మాత్రం గురివింద వద్దే వద్దు. దాని గింజ ఎర్రగా నల్లచుక్కతో పిల్లల చేతిని పిలుస్తుంది, నమిలితే ప్రాణం తీస్తుంది.

విషం మడిలో నేను మొట్టమొదట నాటింది బిళ్ళగన్నేరు. చాలామంది దాన్ని పూలమొక్కల్లో వేస్తారు. మా మేనమామ షుగరు తగ్గుతుందని రోజూ పరగడుపున దాని ఆకులు నమిలేవాడు. కొన్నాళ్ళకు రక్తకణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరాడు. బతికి బయటపడ్డాడు, మాకు అది చాలు. ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్. జమైకాలో కూడా షుగరుకు దీని ఆకులు మరిగించి తాగుతారని విని, కెనడాలో రాబర్ట్ నోబుల్ 1950ల్లో పరీక్షించాడు. షుగరు మీద పనేమీ కనబడలేదు, ఎలుకల్లో తెల్ల రక్తకణాలు మాత్రం తగ్గిపోయాయి. ఆ దారిన పోతే విన్‌బ్లాస్టిన్ అనే మందు దొరికింది. ఆ తరవాత ఇదే మొక్కలో దొరికిన విన్‌క్రిస్టిన్‌ను ఇప్పటికీ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడుతున్నారు. పసిపిల్లల ప్రాణం నిలిపేదీ మా మామను మంచాన పడేసిందీ ఒకే చెట్టులో ఉన్నాయి. తేడా కొలతలో ఉంది, ఆ కొలత పెరట్లో తేలదు. అందుకే ఒంటికి ఏది పట్టించాలన్నా వైద్యుడిని అడగమంటాను, నా తోట ఎంత పచ్చగా ఉన్నా సరే.

మొక్కలను పస్తు పెట్టండి. ఇది చెబితే మా పొరుగు పిన్నిగారు ఇప్పటికీ నొచ్చుకుంటారు. మందుగుణం అనేది మొక్క తన కోసం, పురుగునూ ఎండనూ తట్టుకోవడానికి తయారుచేసుకునే సరుకు. కడుపునిండా గెత్తం వేసి, పూటపూటా నీళ్ళు పోస్తే పెన్నేరు గడ్డ ఆకులు గుబురుగా వేస్తుంది, వేరు మాత్రం సన్నబడుతుంది. రాయలసీమ ఎర్రనేలల్లో వానమీదే ఆధారపడి పెరిగిన పెన్నేరును చూడండి. అయిదారు నెలలకు ఆకు ఎండి, కాయ ఎర్రబారాక పీకితే వేరు చేతికి గట్టిగా తగులుతుంది. కలబందకైతే ఎక్కువ నీళ్ళే శత్రువు, మొదలు కుళ్ళిపోతుంది. ఒక్క వసను మాత్రం ఈ లెక్కలోంచి తీసేయండి. అది బురదలో పుట్టిన ప్రాణి, వరిమడిలా నీళ్ళు నిలపాల్సిందే.

కోయకండి, కనీసం మొదటి ఏడాది. సుగంధిపాల వేరు షర్బత్‌కు మంచి వాసన ఇస్తుంది గానీ ఆ వేరు ఊరడానికి ఏళ్ళు పడుతుంది, తవ్వితే తీగ పోతుంది. అడవిలో అది కరువైపోతున్నదే తవ్వకం వల్ల. ఇంట్లో కూడా తవ్వేస్తే తోట ఎందుకు? ఏదైనా తుంచాలనిపిస్తే ఒక కొమ్మ తుంచి పాత పత్రికల మధ్య నొక్కి ఆరబెట్టండి. లండన్‌లో మందుల వర్తకులు 1673లో వేసిన చెల్సీ తోటకు, ఆ స్థలం సొంతదారు హాన్స్ స్లోన్ 1722లో ఏడాదికి 5 పౌండ్ల కౌలు రాసిచ్చాడు. షరతు ఏమిటంటే, ఏటా 50 రకాల ఎండు నమూనాలు రాయల్ సొసైటీకి పంపాలి. మొత్తం 2000 అయ్యేదాకా. నా అటక మీద ఇప్పటికి 61 ఉన్నాయి.

గోడ కట్టకండి. పాదువాలో రాత్రిపూట దొంగలు పడి అరుదైన మొక్కలు పట్టుకుపోతుంటే, జరిమానాలు, జైలు, దేశ బహిష్కారం కూడా ఆపలేక గుండ్రంగా గోడ కట్టారు. వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. నాకు మాత్రం గుత్తి దగ్గర ఎర్రగుడి బండమీద అశోకుడు చెక్కించిన మాట దగ్గర. మనుషులకూ పశువులకూ పనికొచ్చే మూలికలు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించానని రెండో శాసనంలో చెప్పుకున్నాడు, క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో. మా మొక్కలో పిలక ఎవరైనా పట్టుకుపోతే ఇంకో పెరట్లో అది బతుకుతుంది. మేకలు రాకుండా అడ్డసరం కంచె వేశాను, మేక దాన్ని ముట్టదు. మనుషులకు దారి వదిలాను.

పలక మీద ముందు మన ఊరి పేరు రాయండి, శాస్త్రీయ నామం దాని కింద. నాకు ఈ అలవాటు సామర్లకోట నుంచి వచ్చింది. కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా అక్కడే ఉండి తోట పెంచాడు, మన చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించాడు. మొక్క వివరం పక్కన తెలుగువాళ్ళు దాన్ని ఏమంటారో కూడా రాసుకునేవాడు. సోమిద చెట్టు బెరడు చలిజ్వరాలకు సింకోనా బదులు పనికొస్తుందేమోనని పరీక్షించి లోకానికి చెప్పాడు. తరవాత ఆ చెట్టు ప్రజాతికి సొయ్‌మిడా అని మన పేరే ఖాయమైంది.

నాలుగేళ్ళ కిందట ఒక సోమిద మొలక తెచ్చి బావి పక్కన పెట్టాను. నడుం దాకా వచ్చింది. బెరడు తీసే లావు నా హయాంలో రాదు. అల్యూమినియం రేకు మీద దాని పేరు పెద్ద అక్షరాలతో చెక్కించి కట్టాను, తీగ బిగుసుకోకుండా ఏటా వదులు చేస్తున్నాను.