గగనదుర్గా విజయము

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలని పూర్వులు లెక్కకట్టారు. నగరం, సముద్రం, కొండ, ఋతువు, చంద్రోదయం, జలక్రీడ, మధుపానం, వివాహం, దండయాత్ర, యుద్ధం వగైరా. నా కావ్యనాయిక మూడడుగుల అంతరిక్ష నౌక. సన్‌బోర్డు, పీవీసీ గొట్టం, మాత్రల అట్టలు కలిసి గాజువాకలో మా ఇంటి వెనక బాల్కనీలో ఆమెను కన్నాయి. జలక్రీడకు మా కుళాయి సహకరించదు. మధుపానానికి మా ఆవిడ సహకరించదు. వనవిహారం చేద్దామంటే ఉన్నది ఒక తులసికుండీ, ఒక కలబంద. కాబట్టి పద్దెనిమిదిలో కుదిరినన్ని.

కుకవినింద మాత్రం వదలను. ముక్కముక్కకీ అంకె వేసి బొమ్మ నౌకను డబ్బాలో పెట్టి అమ్ముతారు. దాన్ని కొనుక్కుని, కాగితంలో చూపిన చోటల్లా అతికించి, ‘నేనే చేశాను’ అని మీసం దువ్వేవారికి దూరం నుంచే దండం. వాళ్ళది టీకాతాత్పర్య సహితమైన అనువాదం. మాది స్వతంత్ర రచన. మా ముక్క ఏ పనికి పుట్టిందో ఆ పని ఇక జన్మలో చేయదు.

ఇక పురవర్ణన. ఏ దేశంలోనైనా నదులు కొండల్లో పుట్టి కడలిలో కలుస్తాయి. మా పట్నంలో గోదావరి, కృష్ణ కొలిమిలో పుట్టి, ఎర్రగా, నిప్పులు చిమ్ముతూ పారుతాయి. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకు పెట్టిన పేర్లవి, మూడోది అన్నపూర్ణ. అన్నపూర్ణ చేతి గరిటెలో కరిగిన ఇనుమును ఊహించగలిగిన ఊరికి అంతరిక్ష నౌకను ఊహించడం ఏపాటి? సముద్రం వైపు చూస్తే 1933లో తెరిచిన రేవు. అందులోకి మొదట అడుగుపెట్టిన ఓడ పేరు ‘జలదుర్గ’. ఆ పెద్దావిడ మీద గౌరవంతోనే నా నౌకకు ‘గగనదుర్గ’ అని పేరు పెట్టాను. నౌక పొట్ట మీద ‘ఏపీ 31’ అనీ రాశాను. తరవాత రాష్ట్రమంతటా 39 వచ్చినా, విశాఖ బండి అంటే మా తరానికి 31.

సముద్రవర్ణన రాత్రి పూటే చేయాలి. రేవులో చోటు కోసం ఎదురుచూసే ఓడలు దూరంగా లంగరు వేసుకుని ఉంటాయి. చీకట్లో నీరెక్కడ ఆగిందో, ఆకాశమెక్కడ మొదలైందో తెలియదు. కైలాసగిరి మీద నుంచి చూస్తే దీపాల వరుసలు దేని మీదా ఆనకుండా వేలాడుతుంటాయి. అంతరిక్ష నౌకలను నేను సినిమాలో మొదట చూసినప్పుడు కొత్తగా ఏమీ అనిపించలేదు. మన లంగరు వేసిన ఓడలే కదా అనుకున్నాను.

చిన్న బొమ్మ చేసి పెద్ద ఓడ సంగతి తేల్చడం ఈ ఊళ్ళో పిల్లలాట కాదు. నౌకాదళం కోసం పనిచేసే ఎన్‌ఎస్‌టీఎల్ పరిశోధనశాలలో అర కిలోమీటరు పొడవు నీళ్ళతొట్టి ఉంది. ఓడ నమూనాను అందులో లాగి, నీరు ఎంత అడ్డుపడుతోందో కొలుస్తారు. ఈ మాట మా ఆవిడతో ఎంతో గంభీరంగా చెప్పాను.

“వాళ్ళకి జీతమిస్తారు కదండీ,” అంది.

వంశవర్ణన లేకుండా నాయికకు నిండుదనం రాదు. గగనదుర్గది గొప్ప వంశం. మూలపురుషుడు 1957 నాటి ‘మాయాబజార్’. కళాదర్శకులు గోఖలే, కళాధర్‌లు వాహినీ స్టూడియోలో 50 అడుగులకు 60 అడుగుల చోట మూడువందల బుల్లి ఇళ్ళు కట్టి, ఇంటింటికీ దీపం వెలిగించి, ద్వారక ఇదే అన్నారు. తెలుగువాళ్ళం మారు మాట్లాడకుండా నమ్మాం, ఇప్పటికీ నమ్ముతున్నాం. ఆ తరవాత 1968 నాటి సినిమా కోసం కూబ్రిక్ అనే మహాశయుడు ‘డిస్కవరీ’ నౌక నమూనాను 54 అడుగుల పొడవున కట్టించాడు. దాదాపు మన ద్వారకంత. 1977లో ‘స్టార్ వార్స్’ శిల్పులు చేసిన పని మాత్రం నా బోటి పేదకవులకు భగవద్దత్తమైన వరం. యుద్ధ ట్యాంకుల, విమానాల, ఓడల బొమ్మల కిట్లు కొని తెచ్చి, వాటిలోని చక్రాలూ గొట్టాలూ రెక్కలూ పీకి నౌకల ఒళ్ళంతా అతికించేశారు. ఆ సొంపులకు ‘గ్రీబ్లీలు’ అని పేరు. దేనికి పనికొస్తాయని అడక్కూడదు. ప్రబంధంలో విశేషణం దేనికి పనికొస్తుందని ఎవరైనా అడుగుతారా?

దీని మర్మం నాకు ఉక్కునగరం దారిలో బోధపడింది. దూరం నుంచి చూస్తే కర్మాగారపు పొగగొట్టం అగరుబత్తిలా ఉంటుంది. దాని ఒంటి మీద సన్నటి నిచ్చెన కనబడగానే గుండె జారుతుంది. ఆ మెట్ల మీద మనిషి కాలు పడుతుందని తెలుసు కదా, కన్ను వెంటనే లెక్క మొదలుపెడుతుంది. పెద్దదనాన్ని చెప్పేది దాని ఒంటి మీది చిన్న వస్తువే. కవులు చీమను పట్టుకుని ఏనుగంటారు. మేం ఏనుగును చీమంత చేసి, చూసేవాడి నోట మళ్ళీ ‘ఏనుగు’ అనిపించుకోవాలి. మాదే కష్టం.

కాబట్టి అతిశయోక్తికి ఒక స్కేలు కావాలి. బీచి రోడ్డులో కూర్చున్న కుర్సురా జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు. నా నౌక 91 సెంటీమీటర్లు. 1:100 అనుకుంటే గగనదుర్గ దాదాపు కుర్సురా అంతే అవుతుంది, అంటే టిక్కెట్టు కొనుక్కుని లోపల తిరిగేంత. మనసొప్పలేదు. 1:350 అనుకున్నాను. పైసా ఖర్చు లేకుండా, ఒక్క అంగుళం అట్ట అదనంగా కోయకుండా, నౌక 318 మీటర్లయింది! మూడు కుర్సురాలు వరసగా నిలబెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. అయితే ఈ ఐశ్వర్యానికి వెల ఉంది. ఇక మనిషి అయిదు మిల్లీమీటర్లు, గుమ్మం ఆరు, నిచ్చెన మెట్టుకీ మెట్టుకీ మధ్య మిల్లీమీటరు కూడా లేదు. దోమలజాలిని ఒక్క గడి వెడల్పున కత్తిరిస్తే ఆ నిచ్చెన వస్తుందని కనిపెట్టిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. జాలిలో పడ్డ కంతవల్ల ఇంట్లో మరెవరికీ పట్టలేదు.

అంతట దండయాత్ర. శుభముహూర్తంబున గోనెసంచి ధరించి, స్క్రూడ్రైవరు కరవాలముగా, పాత సామాన్ల కొట్టు మీదికి వెడలితిని. అచ్చట గుట్టలుగా పడియున్న కీబోర్డులు, హార్డ్‌డిస్కులు, ప్రింటర్లు కురుక్షేత్రానంతర రథములవలె ఒప్పుచుండె. ఒక ప్రింటరు పొట్ట చీల్చి పళ్ళచక్రాలు ఏరుతుంటే కొట్టాయన వచ్చి నిలబడ్డాడు.

“ఏటి బావూ, మొత్తం అట్టుకెల్లిపో. ముక్కలు పీకేత్తే మిగిలిందాన్ని నానేటి సేసుకోను?”

“చక్రాలు చాలు.”

“ప్రింటరు బాగుసేత్తావేటి?”

“కాదు. రాకెట్టుకి.”

ఆయన కాసేపు నా ముఖంలోకి చూశాడు. తరవాత పక్కనున్న కుర్రాడితో మెల్లగా, “ఒరే, బావుకి టీ సెప్పు,” అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

సేనావర్ణన క్లుప్తంగా: బోర్లించిన మాత్రల అట్ట గుమ్మటాల వరుస. రక్తపోటు మాత్రలవి చిన్న గుమ్మటాలు, గ్యాసు మాత్రలవి పెద్దవి. ఇంకుడిగిన రీఫిళ్ళు ఇంధనపు గొట్టాలు. సిరంజి ఫిరంగి. ట్యూబ్‌లైట్ స్టార్టరు రాడార్ గది. దోమలమందు సీసా ప్రాణవాయువు ట్యాంకు (దోమలు ఒప్పుకోవు). టూత్‌పేస్టు మూతలు, సిమ్‌కార్డు ఊడదీశాక మిగిలే చట్రాలు, పగిలిన కాలిక్యులేటరు మీటలు పదాతిదళం. కుక్కరు విజిలును కూడా చెరపట్టాను గాని, మర్నాడు పొద్దున్నే పప్పు ఉడకలేదు, రాయబారం లేకుండానే బందీని వదిలేయాల్సి వచ్చింది.

ఇప్పుడు వివాహం. చిటికెడంత గొట్టంలో వచ్చి చిటికెలో అతికే జిగురు ఉంది చూశారూ, ఆరడానికి దానికి ఎండ అక్కర్లేదు, గాలిలో తేమ కావాలి. తేమకు విశాఖలో కరువా? మిగతా ఊళ్ళలో లెక్కపెట్టి పదంటే మా ఊళ్ళో మూడే. సెప్టెంబరు నెల, బాల్కనీలో సముద్రపు గాలి, రెక్క కింద ఎడమచేతి చూపుడువేలు. ఒకటి, రెండు, మూడు. పాణిగ్రహణం జరిగిపోయింది! నాయికా నాయకులు గంటసేపు విడవలేదు. పక్కింటి అమ్మాయి గోళ్ళరంగు చెరిపే ద్రవం ఇస్తే విడాకులయ్యాయి. మనోవర్తి కింద రెక్క మీది రంగు, నా వేలి తోలు పోయాయి.

యుద్ధం రంగుల ఘట్టంలో. వెన్నెముకకు పీవీసీ, ఒంటికి సన్‌బోర్డు వాడినవాణ్ణి, వెనక నడిమి ఇంజిను మాత్రం తేలిగ్గా ఉంటుందని థర్మకోలుతో చెక్కాను. మూడు ఆదివారాలు చెక్కాను. గరుకు కాగితంతో నిమిరి నిమిరి, చంద్రబింబంలా తేల్చాను. ఆపై స్ప్రే డబ్బా గలగలలాడించి, ఊపిరి బిగబట్టి, బూడిద రంగు వదిలాను. స్ప్రేలోని ద్రావకం థర్మకోలును తింటుందని ఈ విద్యలో మొదటి పాఠం. నేను నాలుగో పాఠం నుంచి మొదలుపెట్టినవాణ్ణి. కన్ను మూసి తెరిచేలోగా చంద్రబింబానికి మచ్చలు పడ్డాయి, మచ్చలు గుంతలయ్యాయి, గుంతలు కలిసి, సుయ్యని చిన్న నిట్టూర్పుతో నా ఇంజిను తనలోకి తానే కుంగిపోయింది. హా! మూడువందల పద్దెనిమిది మీటర్ల మహానౌకా, నీ గమనశక్తి ఏమైపోయె! ఇంతలో తేమగాలి తగిలి మిగతా ఒంటి మీది రంగు తెల్లగా పాలిపోయింది. అది కూడా శోకమేనని సమాధానపడ్డాను. నిజానికి వాన మబ్బు ఉన్నప్పుడు స్ప్రే ముట్టకూడదు, రెండో పాఠం.

మిగిలిన గుంట వ్యాసం రెండంగుళాలు. అందులో ఇమిడే గుండ్రటి వస్తువు కోసం ఇల్లంతా వెతికాను. షాంపూ మూత చిన్నదైంది, హార్లిక్స్ మూత పెద్దదైంది. చివరికి దేవుడి గూటి దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ఏటికొప్పాక కుంకుమ భరిణె! వరాహనది ఒడ్డున ఆ ఊళ్ళో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. ఆ నునుపు ఏ ప్లాస్టిక్కుకీ రాదు. పొట్ట గుండ్రం, మూత గోపురం, మెడ దగ్గర రెండు నల్లటి గీతలు. తెచ్చి గుంటలో పెడితే, పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నట్టు కూర్చుంది. 1:350లో 17 మీటర్ల పైచిలుకు ఇంజిను. మిగతా నాలుగు ఇంజిన్లూ సీసామూతలని అప్పుడే తెలిసింది.

సంధి చర్చలు రెండు రోజులు నడిచాయి. ఆ భరిణె మా అత్తవారి సారెలో వచ్చింది. మా ఆవిడ మూడు షరతులు పెట్టింది. ఒకటి, జిగురు పెట్టకూడదు, బిగుతుగా దూర్చాలంతే. రెండు, రంగు పుయ్యకూడదు. మూడు, కుంకుమ అందులోనే ఉంటుంది, ఒక్క చిటికెడు కూడా ఒలకకూడదు.

మూడో షరతుకు ఒప్పుకుని నౌకకు స్టాండు చేస్తుంటేగాని దాని లోతు తెలియలేదు. భరిణె నోరు పైకే ఉండాలి. అంటే ఇంజిన్లు పైకి, ముక్కు కిందికి. ఏ నౌకైనా ఎగరబోతున్నట్టు నిలబడుతుంది. గగనదుర్గ టీవీ పక్కన బల్ల మీద, చేపను చూసిన లకుముకిపిట్టలా తలకిందులుగా దూకుతూ నిలబడింది. వచ్చినవాళ్ళకు ‘శత్రుగ్రహం మీదికి దిగుతోంది’ అని చెబుతాను. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మా ఎదురింటాయన చుట్టూ రెండుసార్లు తిరిగి, దోమలజాలి నిచ్చెన దగ్గర కళ్ళద్దాలు సవరించుకుని, “ఈ మెట్ల మీద రెయిలింగ్ లేదే, సేఫ్టీవాళ్ళు ఊరుకోరండీ,” అన్నారు. ఈ జన్మకు నాకు అందిన కనకాభిషేకం అదే. ఆ రాత్రే రాగితీగ వలిచి రెయిలింగ్ వేశాను.

నాలుగు సీసామూతల లోపల ఎర్ర ఎల్‌ఈడీలు అమర్చాను, దాంతో చంద్రోదయ సూర్యోదయాలు రెండూ ఒకే స్విచ్చుతో అయిపోయాయి. నడిమి ఇంజినుకు వైరు వెళ్ళే దారి లేదు. శుక్రవారం పొద్దున్న తలంటుకుని వచ్చి మా ఆవిడ దాని మూత తీస్తుంది. లోపల ఎర్రగా, అంచుదాకా. వేలితో అద్ది నుదుట పెట్టుకుని, రెండో బొట్టు పక్కనున్న రాడార్ గదికి పెట్టి, ఇంజిను మూసి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.