గోడకెక్కిన బొంత

నా ఒంటి మీదున్నవి నాయనమ్మ చీరలే. పైనొకటి, కిందొకటి మెత్తబడిన నేత చీరలు. మధ్యలో చిరిగిన పంచెలు, పాత లుంగీలు, ఒక దుప్పటి ముక్క. దబ్బనంతో వేలెడు దూరానికో వరస కుట్టు. నన్ను కుట్టిందీ నాయనమ్మే. కోదాడ–మిర్యాలగూడ రోడ్డుకు దగ్గర్లో, గరిడేపల్లిలో మా ఇల్లు. బొంతగా పుట్టినందుకు నులక మంచం మీద పడి ఉండటం, వానాకాలం ముక్క వాసన కొట్టడం తప్ప నాకింకో పనుంటుందని అనుకోలేదు.

అప్పట్లో మాది మట్టిగోడల పెంకుటిల్లు. అటక మీద గోనెసంచులు, మూలన వడ్ల బస్తాలు, దండెం నిండా బట్టలు. ఎవరేమన్నా మాట అక్కడికక్కడే ఆగేది. తర్వాత డాబా లేచింది. స్లాబు, నున్నగా లప్పం పెట్టిన గోడలు, కింద టైల్సు. సిమెంటుకు కరువా, మేళ్లచెరువు, మఠంపల్లి ఫ్యాక్టరీలు పక్కనే ఉండె! కొత్తింట్లో మాట గోడకు తగిలి, స్లాబుకు తగిలి, నేలకు తగిలి మళ్లీ చెవి దగ్గరికే వచ్చేది. గృహప్రవేశం నాడు ఈ మోత ఎవరికీ తెలియలేదు. జనం కిక్కిరిసి ఉన్నారు. జనం ఒంటిమీది బట్టలు మోతను తాగేశాయి.

కరోనా ఏడు ఆ సంగతి బయటపడింది. పెద్ద మనవడు హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికొచ్చాడు. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో బడి పాఠాలు మొదలయ్యాయి. నాలుగో తరగతి మనవరాలు టీవీ ముందు కూర్చుంది. నాయనమ్మకు ఆదివారం పొద్దున డల్లాస్‌లో ఉన్న చిన్న మనవడి వీడియో కాల్. 

ఆఫీసు మీటింగులో అవతలివాళ్లు "సరిగా వినిపించడం లేదు, మళ్లీ చెప్పు" అన్నప్పుడల్లా పెద్దోడు నెట్‌వర్క్‌ను తిట్టేవాడు. గదిలో తన గొంతు తనకు బాగానే వినిపిస్తోంది కదా మరి! అక్కడే ఉంది తిరకాసు. మనిషికి రెండు చెవులు. నేరుగా వచ్చిన మాటేదో, గోడకు తగిలి వచ్చిందేదో మెదడు వాటి సాయంతో చాలావరకు వేరు చేసుకుంటుంది. ల్యాప్‌టాప్ మైకు మంచీ చెడూ కలిపి అవతలికి పంపేస్తుంది. అంటే ఇక్కడి గోడల మోతను భరించేది ఇక్కడివాడు కాదు, ఎక్కడో కూర్చుని వినేవాడు.

వాడు గోడకు అతికించే స్పాంజి ముక్కలు తెప్పిద్దామని ఫోన్‌లో చూస్తుంటే నాయనమ్మ ధర అడిగింది. "స్పాంజి ముక్కలకు అన్ని పైసలా? ఇంట్ల బొంత లేదారా?" అంది. అలా నేను గోడకెక్కాను. మొదట మేకులు కొట్టి గోడకు ఆనించి బిగించాడు. సున్నం అంటుతుందని నాయనమ్మ ఒప్పుకోక, గోడకు జానెడు ఇవతల తాడు కట్టి నన్ను దండెం మీద బట్టలా వేలాడదీసింది. ఆమె చూసింది నా శుభ్రమే గానీ, పని మాత్రం పెరిగింది. గాలి కదలిక నా దారాల సందుల్లో రాసుకుని వేడిగా మారిపోతే శబ్దం చస్తుంది. సరిగ్గా గోడ దగ్గర గాలికి కదలడానికి చోటుండదు. కాస్త ఇవతలికి వస్తే ఊగులాట ఎక్కువ. అందుకే ఆ జానెడు సందుతో గొంతులోని బరువైన స్వరాలను కూడా కొంత పట్టగలిగాను.

మా జాతికి ఇది కొత్త కాదు. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట్లాడితే ఒక్క మాటా తెలిసేది కాదు. బాగుచేయమని వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన శాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఊరు సద్దుమణిగిన రాత్రిళ్లు ఆర్గాన్ గొట్టం ఊది, శబ్దం పూర్తిగా ఆగడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. గదుల శబ్దశాస్త్రం ఆ మెత్తల మీదే పుట్టింది. ఆయన సూత్రంతో లెక్క కడితే 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న ఖాళీ సిమెంటు గదిలో శబ్దం ఆగడానికి మూడు సెకన్లు దాటుతుంది. అమెరికా బడి గదుల ప్రమాణం 0.6 సెకన్లు. మంచం, బీరువా, మనుషులు, నేను, అంతా కలిసినా మా గది అక్కడిదాకా రాలేదు గానీ, "మళ్లీ చెప్పు" అనడం మాత్రం తగ్గింది.

బడి గదికి అంత పట్టింపు ఎందుకంటే, మోతలోంచి మాటను ఏరుకునే నేర్పు పిల్లలకు పదేళ్లు దాటాక గానీ పూర్తిగా రాదు. పెద్దోడు సగం వాక్యం విని మిగతాది ఊహించుకుంటాడు. చిన్నదానికి ఆ పదమే కొత్త, దేన్ని ఊహించుకుంటుంది? పాఠం మధ్యలో అది గోడ వైపు చూస్తే ఇంట్లో బద్ధకమన్నారు. నాకు మాత్రం అలసటగా కనిపించింది.

నాయనమ్మది ఇంకో కష్టం. వయసుతో ముందు పోయేది సన్నటి స్వరాల వినికిడి. క, త, ప, స లాంటి హల్లులు తేలిపోతాయి, అచ్చులు గట్టిగానే మోగుతాయి. పైగా ముందు అక్షరం మోత తర్వాతి అక్షరం మీద పడుతుంది. చిన్నోడు ఒకసారి "కాలెట్లుంది?" అని అడిగాడు. "గేదె ఒట్టిపోయిందిరా, పాలేడియి!" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత తెలియకపోయినా "ఆఁ, ఆఁ" అంటూ తలూపడం నేర్చుకుంది. సౌండు పెంచితే మోత కూడా పెరుగుతుందని ఎవరికీ తట్టలేదు.

మోత కష్టం మా ఇంటితోనే ఆగదు. తెలంగాణలో 2024 మార్చి 6న రైతు వేదికలనే 110 హాళ్లలో వీడియో కాన్ఫరెన్సు పెట్టి "రైతు నేస్తం" మొదలుపెట్టారు. శాస్త్రవేత్తలు తెర మీద మాట్లాడతారు, రైతులు ప్రశ్నలు అడుగుతారు. వరి తెగుళ్ల మందు మోతాదు చెప్పేటప్పుడు ఒక అంకె తప్పుగా వినబడితే మడి మీద పడుతుంది. మోత ఎక్కువున్న హాలు జనంతో నిండితే మాట తేటపడుతుంది. పదిమందే వస్తే వాళ్లను ముందు వరసలో, స్పీకరు దగ్గర కూర్చోబెట్టాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

గొప్పలు చెప్పుకున్నాను గానీ, నోటి దగ్గర మైకున్న ఇయర్‌ఫోన్ చేసే పని నాకంటే ఎక్కువ. దూరం సగమైతే నేరుగా వచ్చే మాట ఆరు డెసిబెళ్లు పెరుగుతుంది, మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది.

నాయనమ్మ కాల్ ఇంకా పూర్తిగా బాగుపడలేదు. మా గదిలో ఫోను మోత నేను తగ్గించాను. చిన్నోడు మాత్రం డల్లాస్‌లో వంటగదిలో, గ్రానైటు గట్టు మీద ఫోను ఆనించి, నాలుగడుగుల దూరంలో గిన్నెలు కడుగుతూ మాట్లాడతాడు. "బాయిల నుంచి మాట్లాడినట్టుందిరా బిడ్డా" అంటుంది ఆమె. అక్కడి గోడ దాకా నా చెయ్యి చాలదు.

ఊళ్లో పెద్దవాళ్లకు ఫోన్ చేసే పిల్లల్లారా, వంటగది వదిలి పడకగదిలోకి రండి. పరుపు మీద కూర్చోండి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, ముఖం తెరకు దగ్గరగా ఉంచి నిదానంగా మాట్లాడండి. అవతల పెద్దావిడ "ఆఁ, ఆఁ" అంటే విన్నదనుకోకండి. ఇంకోసారి చెప్పండి.