పురికొస శాసనం: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఒరేయ్, ముడి విప్పు. పురికొస తెంపకు. కత్తి ఇటియ్యి."

అవతారిక: కిరాణా కొట్టు నుంచి వచ్చిన పొట్లం మీదికి చాకుతో బయల్దేరిన మనవణ్ణి చూసి, వీధి అరుగు మీద నుంచి తాతయ్య చేసిన శాసనం ఇది. ఆ మడత చాకు ఆయన పెళ్లికి ముందు కొన్నది. లాల్చీలు మారాయి గానీ జేబులో చాకు మారలేదు. కాళిదాసుకి వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి, మెదక్ దగ్గరి కొలిచెలమ వారు, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చారు. వ్యాఖ్యాతల్లో అంతటి పొదుపరి నాకింకొకరు తెలీదు. నేనా మాట ఇవ్వలేను.

టీక: ఒరేయ్ = ఓ మనవడా (మా నాన్ననీ ఇలాగే పిలిచేవారు కనుక శాసనం రెండు తరాలకి వర్తిస్తుంది); ముడి = పొట్లాన్ని నిలువుగా, అడ్డంగా చుట్టి కొట్టువాడు బిగించినది; విప్పు = గోళ్లతోనూ, గోళ్లు ఓడిపోతే పళ్లతోనూ వదులు చెయ్యి; పురికొస = చిక్కుడు పాదుకి ఆసరా, పిండి సంచి మూతికి కట్టు, ఏ పనీ లేనప్పుడు మేకుకి వేలాడే ఉండ; తెంపకు = స్పష్టం; కత్తి = పైన చెప్పిన చాకు; ఇటియ్యి = నీ దగ్గర ఉంచుకోకు.

తాత్పర్యం: కత్తి కావాలి, కొయ్యకూడదు.

ఆక్షేపం: ముడి విప్పడానికి పావుగంట పడుతుంది. పురికొస ఖరీదు అందులో ఎన్నో వంతు? ఆ కాలానికి విలువ లేదా?
సమాధానం: ఆ పావుగంట మనవడిది. పురికొస తాతయ్యది.

మరి ఆ చాకు చేసే పనేమిటంటే, జామకాయ, పెన్సిలు, వేపపుల్ల, చుట్ట చివర. స్టెయిన్‌లెస్ కాదు, పాత ఉక్కు. మామిడికాయ కోసి తుడవకపోతే రేకు నల్లబడేది. సన్నికల్లు వెనకవైపు నీళ్లు చిలకరించి నూరి, బొటనవేలి గోరు మీద ఆనించి చూసేవారు. జారితే ఇంకా నూరాలి, పట్టుకుంటే చాలు. మడత దగ్గర కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క. (కొబ్బరినూనె వెయ్యకూడదు, కొన్నాళ్లకి జిగటపడుతుంది.) ఏళ్ల తరబడి నూరగా నూరగా రేకు సన్నబడి చింతకాయ ముక్కులా తేలింది. కొత్తది కొనమంటే, "ఇది ఇంకా అయిపోలేదుగా" అనేవారు, సబ్బుబిళ్ల గురించి చెప్పినట్టు.

పాఠాంతరం: నానమ్మ ప్రతిలో "కత్తి కడిగి ఇటియ్యి" అని ఉంది. చుట్ట కోసిన రేకుతోనే జామకాయ కోసి పిల్లలకి పెడుతున్నారన్నది ఆవిడ అభియోగం. ఈ పాఠమే గ్రాహ్యం.

పిసినారితనం అనే పూర్వపక్షం కూడా ఉంది. నిలవదు. పిసినారి జామకాయే కొనడు. ఈయన డజను కొని, అరుగు ముందు నుంచి వెళ్లే వాళ్లందరికీ కోసి పంచి, పొట్లం కట్టిన కాగితాన్ని మాత్రం సాపు చేసి దాచేవారు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఇప్పుడు చాకు నాన్న జేబులో ఉంది. నేను ఊరికి పంపే అట్టపెట్టెలకి ముడి లేదు, చుట్టూ ప్లాస్టిక్ టేపు. విప్పడానికి రాదు, ఊడదీస్తే మళ్లీ అతకదు, ఉండ చుట్టి దాస్తే అది చెత్తే. "ముడి విప్పు" అన్న విధికి విషయమే లేకుండా పోయింది. పొదుపు తాతయ్య గుణమని బంధువులందరూ అంటారు. సగం గుణం పురికొసదని నా అభిప్రాయం. ఆ రోజుల్లో తాడూ, కాగితమూ, డబ్బా రెండోసారి పనికొచ్చేలాగే ఇంటికి వచ్చేవి. మనిషి అడ్డం రాకపోతే చాలు. ఇవాళ ఆయనే వచ్చి కూచున్నా టేపు కొయ్యక తప్పదు. కోస్తే జిగురు రేకుకి అంటుకుంటుంది. నాన్న నూనెగుడ్డతో రుద్దుతూ కూచుంటారు.

ధర్మశాస్త్ర విచారణ: ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడుగో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న రేకుకే ఆయుధమన్న హోదా. మన చాకుకి ఆ గౌరవం ఏ కోశానా లేదు. అయినా విమానంలో చేతిసంచిలో పనికిరాదు, సామానులో వేసి పంపాల్సిందే. విశాఖపట్నం నుంచి బెంగళూరు వస్తూ, చాకు ఇంట్లో వదలడానికి నాన్న ఒప్పుకోలేదు. టిక్కెట్టుతో పాటు 15 కిలోల సామాను ఉచితం. అందులో చాకు ఒక్కటే వేస్తే మిగతా బరువంతా వృథా అన్నది నానమ్మ. చింతపండు, బియ్యప్పిండి, రెండు సీసాల ఆవకాయ సర్దించింది. పెట్టె కాటా మీద 14 కిలోల 800 గ్రాములు తూగింది. మిగిలిన 200 గ్రాములకి అప్పడాలు పెట్టాల్సిందని ఆవిడ ఇప్పటికీ బాధపడుతోంది.