రెండు శాతం బుర్ర

రోడ్డు వేసే ముందు ఆలోచించాలని చట్టం రాసుకున్న దేశం అమెరికా. ఊరికే రాసుకోవడం కాదు, ఆలోచనకో పద్దు కూడా పెట్టారు. హైవేల కోసం కేంద్రం రాష్ట్రాలకిచ్చే ప్రధాన నిధుల్లో 2 శాతం ప్లానింగుకూ పరిశోధనకూ తీసి పెట్టాలి. అందులో కనీసం నాలుగో వంతు అచ్చంగా పరిశోధనకే. అంటే నూరు డాలర్లకు అర డాలరు. మిగతా 98 తారుకీ కంకరకీ కాంక్రీటుకీ. 1934లో మొదలైన ఆనవాయితీ ఇది. అప్పట్లో ఒకటిన్నర శాతం, అదీ రాష్ట్రాలకు ఇష్టమైతేనే. తొంభై ఏళ్లలో బుర్రకు అర శాతం ఇంక్రిమెంటు దక్కింది.

డబ్బిచ్చినవాడు లెక్క అడక్క మానడు. కాబట్టి రాష్ట్ర రవాణా శాఖ ముందుగా పని ప్రణాళిక రాయాలి. పరిశోధనను ఎలా నడుపుతామో చెప్పే మాన్యువల్ రాయాలి. నడుస్తున్న అధ్యయనాలను జాతీయ డేటాబేసులో ఎక్కించాలి, ముగిశాక నివేదిక పెట్టాలి. ఇవన్నీ సరిగా చేస్తున్నారో లేదో చూడ్డానికి పీర్ ఎక్స్ఛేంజ్ ఒకటి. పక్క రాష్ట్రాల పరిశోధన మేనేజర్లు వచ్చి, కూర్చుని, మంచీచెడూ మాట్లాడి, రిపోర్టు రాసి వెళ్తారు. వియ్యాలవారింటికి భోజనానికెళ్లినట్టే ఉంటుంది ఈ తంతు. కూరలో ఉప్పు తగ్గిందని ఎవరూ అనరు, రేపు వాళ్లు మనింటికి రావాలి కదా!

వెక్కిరింతకేం గానీ, ఆ అర డాలరు తక్కువదేం కాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒటావా అనే చిన్న ఊరి దగ్గర 1958 నుంచి 1960 దాకా ఒక వింత జరిగింది. రాష్ట్రాల హైవే అధికారుల సంఘం అక్కడ చుట్టు తిరిగే రోడ్లు ఆరు వేయించింది. వాటిలో ఐదింటి మీద సైనికులు బరువులేసిన లారీలను తిప్పారు. ఎక్కడికీ వెళ్లరు, ఏ సరుకూ దించరు. రాత్రీ పగలూ తిప్పుతూనే ఉన్నారు, రోడ్డు చితికేదాకా. ఆరో దాని మీద ఏ బండీ ఎక్కలేదు; వట్టి ఎండకీ మంచుకీ రోడ్డు ఎంత పాడవుతుందో చూడాలని. ఖర్చు 2 కోట్ల 70 లక్షల డాలర్లు. తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు నష్టం రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో ఇరుసు బరువు లెక్కకూ ఆధారం ఇదే. మన ఇసుక లారీల వాళ్లకు మాత్రం ఆ నివేదిక ఇంకా అందినట్టు లేదు.

ఇంత తెలివి పోగేసుకున్నవాళ్లు దాన్నేం చేస్తారయ్యా అంటే, కేటీ వెళ్లి చూడండి. హ్యూస్టన్ పడమటి వైపు మనవాళ్లు వేలల్లో ఇళ్లు కొనుక్కున్న ఊరు. అక్కడికి పోయే హైవేని దాదాపు 280 కోట్ల డాలర్లతో వెడల్పు చేశారు. 2008 నాటికి కొన్నిచోట్ల సర్వీసు రోడ్లతో కలిపి 26 లేన్లయింది. ఇక గాల్లో తేలిపోవడమే అనుకున్నారు. రోడ్డు వెడల్పయిందని ఇంకా దూరంగా ఇళ్లు లేచాయి, ఆ ఇళ్లవాళ్లంతా పొద్దున్నే అదే రోడ్డెక్కారు. నాలుగేళ్లు తిరిగేసరికి మళ్లీ బంపరుకు బంపరు.

ఇది ఎవరికీ తెలియని రహస్యమా? రద్దీ వేళ ఎంత రోడ్డిస్తే అంతా నిండుతుందని ఆంథొనీ డౌన్స్ 1962లోనే రాశాడు. డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో అంకెలతో మరీ చూపించారు: లేన్లు ఎంత శాతం పెరిగితే ప్రయాణాలూ ఇంచుమించు అంతే శాతం పెరుగుతాయని. ఆ పేపర్లు రవాణా శాఖల లైబ్రరీల్లో దొరకనివేం కావు. అయితే పరిశోధన విభాగం ఒక అంతస్తులో ఉంటుంది, టెండర్లు ఇంకో అంతస్తులో విప్పుతారు. లిఫ్టు ఎందుకో రెండుచోట్లా ఆగదు.

20 ఏళ్ల ముందుచూపు ప్రణాళిక కూడా చట్టప్రకారం తప్పనిసరే. 2007 తర్వాత ఏడెనిమిదేళ్లు అమెరికాలో కార్లు తిరిగే మైళ్లు పాత గరిష్ఠాన్ని దాటలేదు. ప్రణాళికల్లోని అంచనా గీత మాత్రం ఏటా పైకే చూసింది. గీత కిందికి చూస్తే కొత్త లేను ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని భయం.

ఇప్పుడు అదే హ్యూస్టన్‌లో ఐ-45 హైవే విస్తరణ వంతు. వెయ్యికి పైగా ఇళ్లు పోతాయని ఫిర్యాదులొస్తే కేంద్రం 2021లో ఆపమంది, 2023లో కొన్ని షరతులు పెట్టి కానివ్వమంది.

కేటీ, హ్యూస్టన్ తెలుగువారికి ఒక విన్నపం. రవాణా శాఖ ప్రజాభిప్రాయ సభలు జరుపుతుంది. ఇల్లు కొనేముందు ఈశాన్యం చూసుకునే శ్రద్ధలో పావు వంతు చాలు. వెళ్లి మైకు పట్టుకుని, మీ పరిశోధన విభాగం ఏం చెప్పిందని ఒక్క ప్రశ్న అడగండి.