హైదరాబాద్‌లో మీది ఏ ఏరియా?

సింగరేణి బిడ్డలకు ఇల్లు వెతకడం రాదు. ఆ అవసరమే పడలేదు. సీనియారిటీ లిస్టులో బాపు పేరు ఒక్కో మెట్టు పైకి జరగడమే మా ఇళ్లలో ఇల్లు వెతకడం. లిస్టు కంపెనీది, క్వార్టర్ నంబరు కంపెనీది, కరెంటూ నీళ్లూ కంపెనీవే. పక్కింట్లో ఎవరుండాలో తేల్చేదీ కంపెనీయే. ట్రాక్టరు మీద సామాను దింపుకుని, ముందున్నవాళ్లు బల్బు హోల్డర్లు వదిలిపోయారా పీక్కుపోయారా అని చూసుకోవడమొక్కటే మన పని.

అలాంటి మమ్మల్ని పెళ్లయిన కొత్తలో హైదరాబాద్ బస్సెక్కించి, "మీకు నచ్చిన ఏరియా సూసుకోండ్రి" అన్నారు పెద్దలు. ఏరియా నచ్చడమేమిటో మాకెవరూ నేర్పలేదు. మాకు తెలిసిన ఏరియాలు రామగుండం గనులను కంపెనీ విడగొట్టిన ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3. ఆ లెక్కన మాది పరాయి రాజ్యాల పెళ్లి. నాది ఆర్జీ-2లోని యైటింక్లయిన్ కాలనీ, మా ఆయనది ఆర్జీ-1, గోదావరిఖని పవర్‌హౌస్ కాలనీ. ఆటో ఎక్కితే తీరిపోయే దూరమే. అయినా పెళ్లిచూపుల్లో మా అవ్వ అడిగిన మొదటి మాట, "మీ దిక్కు దుమ్ము ఎక్కువనట గదా?" మా అత్తమ్మ ఊరుకుంటుందా? "దుమ్ముంటే ఉండనియ్యి, లక్ష్మీనగర్ మార్కెట్ మాకే దగ్గర" అంది. సంబంధం కుదిరింది గానీ ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

నా ఆఫీసు సికింద్రాబాద్, ఆయనది హైటెక్ సిటీ. రెండూ మెట్రో బ్లూ లైను మీదే కాబట్టి మధ్యలో దిగితే ఇద్దరికీ న్యాయం అనుకున్నాం. మధ్యలో ఉన్నది అమీర్‌పేట. అక్కడ చూపించిన సింగిల్ బెడ్‌రూమ్‌లో వంటింటి తలుపు తెరవాలంటే ఫ్రిజ్ తలుపు మూయాలి. "ఫ్రిజ్ తెరిచేది ఎంతసేపు మేడం?" అన్నాడు బ్రోకరు. కిరాయి చెప్పాక మాకు న్యాయం మీద ఆసక్తి పోయింది.

తర్వాత కొండాపూర్ వైపు వెళ్లాం. బాల్కనీలో నిలబడి వెలుతురు బాగుందని మెచ్చుకుంటుండగా ఢామ్మని మోత. కిటికీలు గలగలలాడాయి. బ్రోకరు గాబరాపడి పక్క ప్లాటులో సెల్లారుకు బండ పగలగొడుతున్నారని సంజాయిషీ మొదలెట్టాడు. మా ఆయన ముఖంలో మాత్రం వెలుగు. ఓపెన్‌కాస్టు గని పక్కన పెరిగినవాడికి బ్లాస్టింగు అంటే చుట్టపుచూపు. "మన ఊళ్లె ఉన్నట్టే ఉంది" అన్నాడు. చెవులు మూసుకుని మెట్లు దిగాను.

ఇక లాభం లేదని మామయ్య స్వయంగా దిగారు. రిటైరైన ఓవర్‌మన్. "సింగరేణి భవన్ పక్కన సూడుండ్రి, ఏదన్న అయితే కంపెనీ ఉంటది" అన్నారు రాగానే. రెడ్‌హిల్స్‌లో ఉన్నది ఉత్త ఆఫీసేననీ, అర్ధరాత్రి నల్లా చెడిపోతే డైరెక్టర్లు రారనీ చెప్పి ఒప్పించేసరికి టీ చల్లారింది. ఆయనకు ఇల్లు చూడటమంటే ముందు కప్పు చూడటం. బొగ్గు బాయిలో కర్రతో రూఫును కొట్టి, ఖంగుమంటే గట్టిదనీ, డొల్లగా పలికితే కదిలిందనీ మోత విని పోల్చిన మనిషి. మియాపూర్‌లో చీపురుకట్ట తిరగేసి స్లాబును అదే వరసలో కొట్టుకుంటూ పోయారు. హాలు పాసైంది. బెడ్‌రూమ్ మూలన రెండోసారి కొట్టేసరికి పైఅంతస్తు ఆవిడ కిందికొచ్చి, "మా పిల్లలు అంత గోల చేస్తున్నారా అండీ?" అంది.

చివరికి సమస్యను మామయ్యే తేల్చారు. "ఏరియా గీరియా కాదు బిడ్డా. నల్లాల మన గోదారి నీళ్లు వస్తయా రావా, అది సూడాలె." హైదరాబాద్‌ను ఆయన నదుల వారీగా పంచేశారు: మంజీర తాగేవాళ్లు, కృష్ణ తాగేవాళ్లు, మనోళ్లు. మా రామగుండం పక్కనే ఉన్న ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు 2015 నుంచి ముర్మూర్ దగ్గర పంపులెక్కి, 180 కిలోమీటర్లకు పైగా పైపులో నడిచి హైదరాబాద్ చేరుతున్నాయి. మేం అదే దూరానికి బస్సు టికెట్టు కొనుక్కుని వచ్చాం. ఇక కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీకి బొగ్గు మాదే. లిఫ్టు ఎక్కినప్పుడల్లా మామయ్య తల పైకెత్తి, "మన బొగ్గుతోటే లేస్తంది" అంటారు. అందులో ఉన్నవాళ్లు ఫోన్లోకి తలదించుకుంటారు.

అలా అల్వాల్ చేరాం. గోదారి నీళ్లొస్తాయి. రాజీవ్ రహదారి పక్కనే, గోదావరిఖని నుంచి జేబీఎస్ పోయే బస్సు ముందు నుంచే వెళుతుంది. ఊరగాయ జాడీతో అత్తమ్మ ఇక్కడే దిగిపోవచ్చు. ఆఫీసులు ఎంత దూరమో ఎవరూ అడగలేదు.

ఓనరు ఊరి పేరు విన్నాడు. "సింగరేణా? 2024లో లాభాల్లో 33 శాతం వాటా ఇచ్చారు కదా" అన్నాడు. మా ఇద్దరిలో ఎవరమూ కంపెనీలో లేమనీ, మామయ్య దిగిపోయి చాలా ఏళ్లయిందనీ చెప్పాం. విన్నాడు గానీ కిరాయి మాత్రం బోనస్ వచ్చేవాళ్లకు చెప్పినట్టే చెప్పాడు. మామయ్య జవాబివ్వకుండా వంటింట్లోకి నడిచి, నల్లా తిప్పి, దోసిట్లో పట్టి, ఒక గుక్క పుక్కిలించి మింగారు.

"మనయే. క్లోరిన్ జర ఎక్కువైంది," అని ఓనరు వైపు తిరిగారు. "మా నీళ్లు మాకే ఇచ్చుడుకు గింత కిరాయా?"

"నీళ్లు మీ ఊరివే కావచ్చు పెద్దాయనా," అన్నాడు ఓనరు, "సంపు మీదున్న మోటరు నాది. మెయింటెనెన్స్ నెలకు 1,500. అది వేరే."